సూదికి ముందు మాట: టీనేజీ టీకాల్లో క్లినిక్ సిబ్బంది పాత్ర

చంటిబిడ్డ టీకా కార్డు ఎక్కడుందని అడిగితే ఏ తల్లయినా బీరువా తలుపు తీసి చూపిస్తుంది. అదే ఇంట్లో పదేళ్ల పిల్ల కార్డు అడగండి, వెతుకులాట మొదలవుతుంది. ఇందులో తల్లి తప్పేమీ లేదు. బిడ్డ పుట్టాక నెలన్నరకి, రెండున్నర నెలలకి, మూడున్నర నెలలకి, తొమ్మిది నెలలకి రమ్మని ఏఎన్ఎం చెబుతుంది. రాకపోతే ఆశా కార్యకర్త ఇంటికొచ్చి అడుగుతుంది. ఐదారేళ్ల వయసులో వేసే బూస్టరుతో ఈ పిలుపులు దాదాపు ఆగిపోతాయి. ఆ తర్వాత పిల్లలు క్లినిక్‌కి వచ్చేది జ్వరమో, విరోచనాలో పట్టుకున్నప్పుడే.

టీకాల పట్టిక మాత్రం అక్కడితో ఆగదు. జాతీయ పట్టిక ప్రకారం 10 ఏళ్లకు ఒకసారి, 16 ఏళ్లకు మరోసారి టీడీ టీకా వేయాలి. ధనుర్వాతం, డిఫ్తీరియా రెండింటికీ ఇది బూస్టరు. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేస్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి రక్షణ దొరుకుతుంది. టీకా ఉన్నా అది పిల్లల చేతిదాకా చేరకపోవడానికి కారణాలు వెతికితే, ప్రయోగశాలలో కన్నా క్లినిక్ వరండాలోనే ఎక్కువ కనిపిస్తాయి. జ్వరంతో వచ్చిన పదేళ్ల పిల్లను చూసి మందులిచ్చి పంపేస్తారు గాని, టీడీ వేయించారా అని ఎవరూ అడగరు. అడగమని ఎవరికీ చెప్పలేదు, ఎలా అడగాలో నేర్పలేదు.

ఈ వ్యాసం ఆ నేర్పడం గురించే. ఢిల్లీకి ఇందులో ఒక చేదు అనుభవం ఉంది. మన ఖమ్మానికి అంతకన్నా పెద్దది ఉంది.

ముందు డిఫ్తీరియా సంగతి చూద్దాం. పాతతరం వాళ్లు కంఠసర్పి అనే ఈ జబ్బు పాఠ్యపుస్తకాలకే పరిమితమైందని చాలామంది అనుకుంటారు. 2018 సెప్టెంబరులో ఉత్తర ఢిల్లీ కింగ్స్‌వే క్యాంపులోని మహర్షి వాల్మీకి అంటువ్యాధుల ఆసుపత్రిలో రోజుల వ్యవధిలోనే పన్నెండు మందికి పైగా పిల్లలు దీనితో చనిపోయారు. విరుగుడుగా ఇచ్చే సీరం కొరత అప్పట్లో పెద్ద వార్త అయింది. వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది పొరుగునున్న ఉత్తరప్రదేశ్ జిల్లాల వాళ్లు. ఢిల్లీ, నోయిడా, ఘాజియాబాద్, గురుగ్రామ్, ఫరీదాబాద్ అన్నీ కలిసి ఒకే మహానగరంలా కనిపిస్తాయి. టీకా రిజిస్టర్లు మాత్రం మూడు రాష్ట్రాల కింద ఉంటాయి. జబ్బుకు ఆ సరిహద్దులు తెలియవు. హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రి వైద్యులకు కూడా డిఫ్తీరియా కొత్తేమీ కాదు. పసితనంలో వేసిన టీకా ఇచ్చే రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. 10, 16 ఏళ్ల బూస్టర్లు అందుకే పెట్టారు.

హెచ్‌పీవీ విషయం ఇంకా బరువైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,27,000 మంది మహిళలకు కొత్తగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. దాదాపు 80,000 మంది చనిపోయారు. ఈ క్యాన్సర్లలో అధిక భాగానికి హెచ్‌పీవీ 16, 18 రకాల వైరస్‌లు కారణం. టీకా తయారీ కూడా ముచ్చటైన విషయం. వైరస్ పైపొరలో ఉండే ఎల్1 అనే ప్రొటీన్‌ను ఈస్ట్ వంటి కణాల్లో తయారుచేస్తారు. ఆ ప్రొటీన్లు ఐదేసి చొప్పున గుత్తులు కడతాయి. అలాంటి 72 గుత్తులు ఎవరూ పేర్చకుండానే వాటంతట అవే ఒక గుండ్రని గూడుగా అమరిపోతాయి. బయటి నుంచి చూస్తే అచ్చం వైరస్సే, లోపల మాత్రం జన్యుపదార్థం ఉండదు. అంటే తాళం వేసిన ఖాళీ పెట్టె లాంటిది. మన రోగనిరోధక వ్యవస్థ ఆ పెట్టె ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటుంది. వైరస్ శరీరంలోకి రాకముందే ఈ గుర్తు పడాలి కాబట్టి చిన్న వయసులో వేస్తారు. పైగా ఆ వయసులో యాంటీబాడీలు బాగా తయారవుతాయి.

ఇంత చక్కటి టీకా మన దేశంలో ఎందుకు అంతకాలం ఆగిపోయింది? దీనికి జవాబు ఖమ్మంలో ఉంది.

ఖమ్మంలో జరిగింది

2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు మొదలైంది. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టాయి. ఖమ్మంలో సుమారు 14,000 మందికి, గుజరాత్‌లోని వడోదర జిల్లాలో సుమారు 10,000 మందికి టీకా వేశారు. ఆ తర్వాత నెలల్లో రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయినట్టు తెలిసింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును నిలిపివేసింది.

విచారణ కమిటీ ఆ మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించింది. నీళ్లలో మునిగిపోవడం, పాముకాటు, పురుగుల మందు తాగడం, మలేరియా వంటి కారణాలు బయటపడ్డాయి. టీకాకూ మరణాలకూ సంబంధం ఉన్నట్టు ఆధారం దొరకలేదు. వేలమంది పిల్లలను ఏడాదిపాటు గమనిస్తే, టీకా వేసినా వేయకపోయినా, దురదృష్టవశాత్తూ కొన్ని మరణాలు ఉంటాయి. టీకా తర్వాత జరిగినంత మాత్రాన టీకా వల్ల జరిగినట్టు కాదు. ఇది గణాంకశాస్త్రంలో మొదటి పాఠం. బిడ్డను పోగొట్టుకున్న ఇంటి గుమ్మంలో నిలబడి దాన్ని చెప్పడం మాత్రం గణాంకశాస్త్రం నేర్పని పని.

అసలు దెబ్బ సమ్మతి దగ్గర తగిలింది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఆంధ్రప్రదేశ్ సమ్మతి పత్రాల లెక్క బయటపెట్టింది. 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. ఆ పిల్లల్లో చాలామంది గిరిజన బాలికలు, ఇంటికి దూరంగా ఆశ్రమ పాఠశాలల్లో చదువుకునేవాళ్లు. టీకా గురించి తల్లికి ఎవరు చెప్పారు, ఏ భాషలో చెప్పారు, వద్దనే వీలుందని చెప్పారా అన్న ప్రశ్నలకు ఆ పత్రాల దగ్గర జవాబు లేదు. టీకా మంచిదే కావచ్చు. అయినా వార్డెన్ సంతకం తల్లి సమ్మతి కాదు. ఈ విషయంలో సంఘం కోపం న్యాయమైనదే అని నా అభిప్రాయం.

ఈ కథలో ఒక విచిత్రమైన మలుపు కూడా ఉంది. అదే సమయంలో దేశంలో మరో అధ్యయనం నడుస్తోంది. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి కూడా అందులో భాగం. రెండు డోసులు చాలా, మూడు కావాలా అన్నది దాని ప్రశ్న. 2010 ఏప్రిల్ ఆదేశంతో అది కూడా మధ్యలో ఆగింది. ఫలితంగా దాదాపు 5,000 మంది బాలికలకు ఒక్క డోసే అందింది. పరిశోధకులు వాళ్లను వదిలేయకుండా ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం 16, 18 రకాల వైరస్ శరీరంలో తిష్ఠవేయకుండా ఒక్క డోసు 95 శాతం దాకా అడ్డుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక్క డోసు పద్ధతికి పచ్చజెండా ఊపడానికి తోడ్పడిన ఆధారాల్లో ఇది ముఖ్యమైనది. నమ్మకం పోవడం వల్ల ఆగిన అధ్యయనం నుంచే ప్రపంచానికి టీకా ఖర్చును సగానికి తగ్గించే సమాచారం దొరికింది.

ఢిల్లీ హైకోర్టు చెప్పింది

ఖమ్మంలో తలెత్తిన సమ్మతి ప్రశ్న తొమ్మిదేళ్ల తర్వాత ఢిల్లీలో, మరో టీకా విషయంలో మళ్లీ ఎదురైంది. తొమ్మిది నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ తట్టు, రుబెల్లా టీకా వేసే కార్యక్రమం 2017 ఫిబ్రవరిలో తమిళనాడు, కర్ణాటక తదితర ప్రాంతాల్లో మొదలై, అదే ఏడాది ఆగస్టులో తెలుగు రాష్ట్రాలకు వచ్చింది. ఢిల్లీ బడుల్లో 2019 జనవరి 16న మొదలవ్వాలి. తల్లిదండ్రుల సమ్మతి అవసరం లేదన్న ధోరణిలో ఉన్న ప్రభుత్వ ప్రకటనను కొందరు సవాలు చేయడంతో, ముందురోజే హైకోర్టు బడుల్లో కార్యక్రమంపై స్టే ఇచ్చింది.

జనవరి 22న వచ్చిన తీర్పు చదవదగినది. టీకా మంచిదా కాదా అన్న జోలికి న్యాయస్థానం వెళ్లలేదు. తల్లిదండ్రులకు తెలియజేయకుండా, వాళ్ల సమ్మతి లేకుండా బలవంతంగా వేయకూడదంది. దుష్ప్రభావాల గురించి ప్రకటనల్లో రాస్తే జనం వెనక్కి తగ్గుతారన్న వాదనను తోసిపుచ్చింది. అన్నీ తెలిసి నిర్ణయం తీసుకోవడానికే కదా ప్రకటన ఇచ్చేది అన్నది దాని సారాంశం.

ప్రజారోగ్య రంగంలో కొందరికి ఈ తీర్పు అడ్డంకిలా అనిపించింది. నాకు అలా అనిపించదు. సమ్మతిని ఒక కాగితంగా చూసినంతకాలం అది అడ్డంకే. నేర్పుగా చేయాల్సిన పనిగా చూస్తే, అది క్లినిక్ సిబ్బంది నేర్చుకోగల విద్య.

ఒక గంట శిక్షణ, 5.4 శాతం

ఆ విద్యలో ఏది పనిచేస్తుందో కొలిచిన అధ్యయనాలు ఉన్నాయి. వాటిలో బాగా పేరున్నది అమెరికాలోని నార్త్ కరోలినాలో నోయెల్ బ్రూవర్ బృందం చేసి 2017లో ప్రచురించినది. 30 క్లినిక్‌లను చీట్లు తీసినట్టు మూడు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు శిక్షణ లేదు. రెండో గుంపుకు ‘ప్రకటన’ పద్ధతి, మూడో గుంపుకు ‘సంభాషణ’ పద్ధతి నేర్పారు. శిక్షణ క్లినిక్‌లోనే, ఒక డాక్టరు ఆధ్వర్యంలో, ఒక్క గంట. ఇక్కడ పిల్లలను కాకుండా క్లినిక్‌లను విభజించడంలో ఒక కిటుకుంది. ఒకే క్లినిక్‌లో సగంమందితో ఒకలా, సగంమందితో ఇంకోలా మాట్లాడమంటే ఎవరికీ సాధ్యం కాదు. నేర్చుకున్న మాట పక్క గదిలోకీ పాకుతుంది.

తేడా అర్థం కావడానికి మన డిస్పెన్సరీలో జరిగినట్టు ఊహించుకుందాం. సంభాషణ పద్ధతిలో సిస్టర్ ఇలా అడుగుతుంది: “అమ్మా, పాపకి టీడీ సూది కూడా ఉంది. వేయించే ఉద్దేశం ఉందా? మీరేమనుకుంటున్నారు?” ప్రకటన పద్ధతిలో ఇలా అంటుంది: “పాపకి పదేళ్లు నిండాయి కదమ్మా. ఈ వయసుకి టీడీ సూది వేస్తాం, ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా. ఇవాళే వేసేద్దాం.”

మర్యాదగా అనిపించేది మొదటిదే. ఫలితం మాత్రం రెండోదానికి వచ్చింది. ఆరు నెలల తర్వాత 11, 12 ఏళ్ల పిల్లలు 17,173 మంది రికార్డులు చూస్తే, ప్రకటన పద్ధతి నేర్చుకున్న క్లినిక్‌లలో హెచ్‌పీవీ టీకా మొదలుపెట్టిన వారి శాతంలో పెరుగుదల, శిక్షణ లేని క్లినిక్‌ల కన్నా 5.4 పాయింట్లు ఎక్కువ. సంభాషణ పద్ధతిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫిజిక్స్ చదివిన అలవాటు వల్ల నా చూపు ముందు 5.4 మీద కాకుండా దాని చుట్టూ ఉన్న అనిశ్చితి మీద పడుతుంది. అది 1.1 నుంచి 9.7 దాకా ఉంది. అంటే ప్రభావం ఉందని నమ్మవచ్చు, ఎంత పెద్దదో గట్టిగా చెప్పలేం. అయినా ఒక గంట శిక్షణకి ఇది తక్కువేమీ కాదు.

ఎందుకిలా జరుగుతుంది? సిస్టర్ “మీరేమనుకుంటున్నారు” అని అడగగానే, ఇందులో ఆలోచించాల్సిన ప్రమాదమేదో ఉందని తల్లికి అనిపిస్తుంది. నెలన్నర బిడ్డకు టీకా వేసేటప్పుడు అడగని ప్రశ్న ఇప్పుడెందుకు అడిగారన్న అనుమానం వస్తుంది.

అయితే దీన్ని ఉన్నదున్నట్టు ఢిల్లీకి తెచ్చుకోవచ్చా? ఇక్కడే జాగ్రత్త అవసరం. ప్రకటన పద్ధతి తల్లి ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడు వాడేది. ఆమె వద్దనగలదు, ఏమిటని అడగగలదు. అడిగితే ఆగి జవాబివ్వడం ఆ పద్ధతిలో భాగమే. ‘ఇవాళ వేసేద్దాం’ అన్న మాట తల్లి లేని తరగతి గదిలో, లేదా హాస్టల్లో అంటే అర్థం మారిపోతుంది. అది ఖమ్మం దారి. కాబట్టి మన శిక్షణలో ఆ వాక్యం తర్వాత ఇంకో వాక్యం కూడా ఉండాలి: “ఏమైనా అడగాలని ఉందా అమ్మా?”

తల్లి అడిగేవి ఎక్కువగా మూడు నాలుగే ఉంటాయి. “దీంతో రేపు పిల్లలు పుట్టరట కదా, సిస్టర్?” అన్నది వాటిలో ఒకటి. “అలాంటిదేమీ లేదమ్మా. ఇందులో బతికున్న వైరస్ ఉండదు. చెయ్యి ఒకటి రెండు రోజులు నొప్పి పుడుతుంది, కొందరికి జ్వరం వస్తుంది” అని రెండు మూడు వాక్యాల్లో నిజం చెప్పగలగాలి. “మీకు తెలియదులే” అంటే ఆ కుటుంబం మళ్లీ రాదు. సిస్టరుకే జవాబు తెలియకపోతే డాక్టరుగారిని అడిగి చెబుతానని అనడం కూడా నేర్పాలి. అది చిన్నతనం కాదని ముందు సిబ్బందికి నచ్చజెప్పాలి.

మన దగ్గర దీనికి పునాది లేకపోలేదు. టీకా వేశాక ఏఎన్ఎం నాలుగు మాటలు చెప్పాలని కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాల్లో ఉంది: ఏ టీకా వేశాం, అది ఏ జబ్బును ఆపుతుంది, ఏ చిన్న ఇబ్బందులు రావచ్చు, వస్తే ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు జాగ్రత్తగా పెట్టుకుని తీసుకురావాలి. యూనిసెఫ్ తోడ్పాటుతో ‘బ్రిడ్జ్’ పేరిట ఏఎన్ఎంలు, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలకు మాట్లాడే నైపుణ్యాల శిక్షణ కూడా ఉంది. పదేళ్లు దాటిన పిల్లల విషయంలో దానికి ఒకటి కలపాలి. టీనేజీ పిల్ల చంటిబిడ్డ కాదు, ఆమెకూ చెవులున్నాయి. తల్లితోనే మాట్లాడి పిల్ల చేతికి సూది గుచ్చడం సరికాదు.

ఎవరు ముందుండాలి

ఢిల్లీలో టీకాలు వేసే చోట్లు చాలా రకాలు. ఢిల్లీ ప్రభుత్వ డిస్పెన్సరీలు, నగరపాలక సంస్థ మాతాశిశు సంక్షేమ కేంద్రాలు, పెద్దాసుపత్రులు, వీధికొకటి చొప్పున ప్రైవేటు పిల్లల డాక్టర్లు. ఏ చోటైనా లోపలికి వచ్చిన తల్లి మొదట కలిసేది డాక్టరును కాదు. కౌంటర్ దగ్గరి గుమాస్తా, బరువు చూసే సిస్టర్, మందులిచ్చే ఫార్మసిస్టు, కొన్ని చోట్ల గేటు దగ్గరే “ఇవాళ టీకాల రోజు కాదు” అని పంపేసే గార్డు. శిక్షణ అంటే జిల్లా ఆఫీసుకు డాక్టర్లను పిలిచి స్లైడ్లు చూపించడమైతే వీళ్లెవరికీ అది చేరదు.

అందుకే ప్రతి క్లినిక్‌లోనూ ఒకరికి ఈ బాధ్యత అప్పగించి, మిగతావాళ్లకు నేర్పే పని ఆమెకే ఇవ్వడం మేలు. ఆమె ముందు చేయాల్సింది లెక్క. పోయిన నెలలో ఏ కారణంతోనైనా వచ్చిన 10, 16 ఏళ్ల పిల్లలు ఎంతమంది, వాళ్లలో టీడీ పడినవాళ్లు ఎంతమంది? ఓపీ రిజిస్టరు, టీకా రిజిస్టరు పక్కపక్కన పెట్టుకుంటే ఒక మధ్యాహ్నం పని. తమ క్లినిక్ సంఖ్యను సిబ్బందికి చూపించి, కొన్నాళ్లకు మళ్లీ లెక్కపెట్టే పద్ధతి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ కార్యక్రమాల్లో ఎప్పటినుంచో ఉంది. పైనుంచి వచ్చే టార్గెట్ కన్నా తమ రిజిస్టరులో తామే చూసిన ఖాళీ ఎక్కువ కదిలిస్తుంది.

రెండోది సూది తర్వాతి అరగంట. టీనేజీ పిల్లలకు సూది భయంతో కళ్లు తిరగడం మామూలే. గుండె వేగం తగ్గి, రక్తం కాళ్లలోకి దిగి, మెదడుకు అందేది ఒక్క క్షణం తగ్గుతుంది. ఒకరు పడితే వరుసలో ఉన్న మరో నలుగురు పడతారు. ఇది నటన కాదు, టీకాలోని మందు వల్లా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిపై ప్రత్యేకంగా ఒక కరదీపిక ప్రచురించింది. కూర్చోబెట్టి లేదా పడుకోబెట్టి వేయడం, వేసే చోటు మిగతా పిల్లలకు కనిపించకుండా తెర కట్టడం, తర్వాత కాసేపు కూర్చోబెట్టడం వంటివి పైసా ఖర్చు లేనివి. కళ్లు తిరిగిన పిల్ల పాలిపోతుంది, నాడి నెమ్మదిస్తుంది, పడుకోబెడితే తేరుకుంటుంది. ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం, నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకోవడం కనిపిస్తే అది తీవ్రమైన అలర్జీ. అది చాలా అరుదు, కానీ వెంటనే తొడ కండరంలోకి అడ్రినలిన్ ఇవ్వాలి. ఈ తేడా క్షణాల్లో గుర్తుపట్టడం సిబ్బంది చేతులకు అలవాటు కావాలి.

దీన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో జపాన్ చూసింది. టీకా తర్వాత కొందరు బాలికల్లో కనిపించిన లక్షణాల వార్తలతో 2013 జూన్‌లో అక్కడి ప్రభుత్వం హెచ్‌పీవీ టీకాను సిఫారసు చేయడం ఆపేసింది. 70 శాతం దాకా ఉన్న టీకా రేటు ఒక శాతం లోపుకు పడిపోయింది. మళ్లీ సిఫారసు మొదలైంది 2022 ఏప్రిల్‌లోనే.

దీనికి ఎదురుగా మన సిక్కిం ఉంది. 2018లో అక్కడ 9 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 25,000 మందికి హెచ్‌పీవీ టీకా తలపెట్టి, మొదటి విడతలో 97 శాతం మందికి చేర్చారు. టీకా పెట్టె తెరవడానికి ముందే ఆరోగ్య సిబ్బందికీ టీచర్లకూ శిక్షణ ఇచ్చి, తల్లిదండ్రులతోనూ పాత్రికేయులతోనూ మాట్లాడారు. అంతకు రెండేళ్ల ముందు, 2016లోనే, ఢిల్లీ ప్రభుత్వం 11 నుంచి 13 ఏళ్ల బాలికలకు ఉచితంగా ఈ టీకా ప్రకటించింది. కాకపోతే దిల్షాద్ గార్డెన్‌లోని రాష్ట్ర క్యాన్సర్ ఆసుపత్రి కేంద్రంగా. ఆరోగ్యంగా ఉన్న పిల్లను తీసుకుని క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లడం ఏ కుటుంబానికైనా కష్టమే. సిక్కిం చిన్న రాష్ట్రం, ఢిల్లీతో పోల్చలేం అన్నది నిజమే. కానీ తెలిసిన మనిషి తెలిసిన చోట చెప్పిన మాటకు ఉండే బలం రాష్ట్రం సైజును బట్టి మారదు.

దేశంలో తయారైన సెర్వావాక్ టీకాకు 2022 జులైలో అనుమతి వచ్చింది. దానికి ముందు నెలలోనే జాతీయ టీకాల సాంకేతిక సలహా బృందం హెచ్‌పీవీ టీకాను సార్వత్రిక కార్యక్రమంలో చేర్చమని సూచించింది. 2024 ఫిబ్రవరి 1 మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలోనూ 9–14 ఏళ్ల బాలికల టీకా ప్రస్తావన వచ్చింది.

రాజధాని ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. జనవరిలో తూర్పు ఢిల్లీ డిస్పెన్సరీ రిజిస్టరులో పేరున్న పిల్ల, అద్దె పెరిగిందని జులైకల్లా ఘాజియాబాద్ చేరుతుంది. ఆమె తండ్రి పని దొరికిన చోటుకి, ఈసారి గురుగ్రామ్‌కి, మళ్లీ మారుస్తాడు. పిల్లల టీకా వివరాలను 16 ఏళ్ల దాకా ఆన్‌లైన్‌లో నమోదుచేసే యూ-విన్ వేదిక ఇలాంటి కుటుంబాలకే ఎక్కువ ఉపయోగం. అందులో ఆ పిల్ల పేరు చేరాలంటే మాత్రం, జ్వరంతో వచ్చిన రోజున మందుల చీటీ చేతికిచ్చే ముందు, కౌంటర్ దగ్గర ఎవరో ఒకరు పాపకి ఎన్నేళ్లని అడిగి ఫోన్ నంబరు రాసుకోవాలి.